బరి పెట్టే కూడు

సంక్రాంతి సమీపించినప్పుడెల్లా ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలోను, కొల్లేటి లంకలలోను ఒకే వాదం వినవస్తుంది. కోడి పందేలు తాతతండ్రుల నాటి ఆచారమనీ, వాటివల్ల పదిమందికి పని దొరుకుతుందనీ, ప్రభుత్వం అడ్డు తగలరాదనీ ఆ వాదసారాంశం. ఇందులో పని అన్న మాటను ముందుగా పరీక్షించాలి.

బరివల్ల కొందరికి పని లభించడం అబద్ధం కాదు. పుంజును మేపేవాడికి, కత్తి కట్టేవాడికి, షామియానా వేసేవాడికి, తినుబండారాలు అమ్మేవాడికి ఆ మూడురోజులు చేతినిండా పనే. కాని బరిని నడిపేది పుంజు ఒక్కటే కాదు. దాని చాటున గుండాట, పేకాట సాగుతున్నాయి. 2022 సంక్రాంతికి గుడివాడలో ఏకంగా క్యాసినో నడిచిందన్న ఆరోపణ రాష్ట్రమంతటా అలజడి రేపింది.

ఈ పందెపు సొమ్ము ఎక్కడిది? సార్వా ధాన్యం అమ్మిన డబ్బు చేతికందేదీ, దాళ్వా నాట్లకు పెట్టుబడి కావలసినదీ ఈ రోజులలోనే. కనుక రైతు బరిలో పోగొట్టుకొనే రూపాయి విత్తనానికి, ఎరువుకు, నాట్లు వేసే ఆడకూలీకి చెందవలసిన రూపాయి. కౌలు రైతు ఓడితే అప్పుచేసి సాగు చేయాలి, లేదా సాగు తగ్గించుకోవాలి. షామియానా వేసినవాని కూలి అందరికీ కనిపిస్తుంది. నాట్లకు పిలుపురాని కూలీ నష్టం ఎవరి కంటా పడదు.

పైఊళ్ళవారు తెచ్చే సొమ్ము ఊరికి లాభమే గదా అనవచ్చు. గెలిచినవాడు దానిని పట్టుకొనిపోతాడు. నిర్వాహకుని వాటాకు లెక్క చెప్పేవాడు లేడు. అమెరికాలో ఆదివాసి తెగల జూదశాలలకై 1988లో ఒక చట్టం చేశారు. నికరాదాయాన్ని తెగ పాలన, ప్రజాసంక్షేమం వంటి నిర్ణీత ప్రయోజనాలకే వినియోగించాలని అందులో నియమం ఉన్నది. అయినప్పటికీ అక్కడ కొత్త జూదశాలలకు ప్రతిఘటన తప్పడం లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టానికి విరుద్ధంగా సాగే ఇక్కడి ఆటకు జమాఖర్చే లేదు.

నిజమైన ఉపాధి మరునాడు కూడా పిలిచేది. కొల్లేటి చేపల పెంపకం, తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారం, క్షీణిస్తున్న ఏలూరు తివాచీ పరిశ్రమ అటువంటివి. పెట్టుబడి కావలసినది వీటికి.

ఇక ఆచారం మాట. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం జూదరి దుర్గతిని వర్ణించి, చివరకు అతనిని సేద్యం వైపు మళ్లిస్తుంది. ప్రాచీనతయే ప్రమాణమైతే ఈ హితవూ ప్రాచీనమే.

పండుగ సెలవులకు ముందు ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక లెక్క చేయించవచ్చు. ఎకరం దాళ్వా నాట్లకు ఎందరు కూలీలు కావాలో, ఎంత కూలి అవుతుందో వారు తమ ఇళ్ళలో అడిగి వ్రాసుకొని రావాలి. ఒక్క పందెంలో ఎన్ని ఎకరాల నాట్లు పోతాయో ఆ పిల్లలే తండ్రులకు చెప్పగలరు.