రింగుల జుట్టు: చిక్కు తీయుట, పొడవు నిలుపుట



ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒక్కచోట చేర్చి ఈ నెల జవాబు వ్రాస్తున్నాము. సూర్యాపేట నుండి ఒక తల్లి వ్రాశారు. ఎనిమిదేళ్ళ పాపకు రింగుల జుట్టట. బడికి రెండు జడలు వేసే ప్రతి ఉదయమూ ఇంట్లో ఏడుపేనట. విసుగెత్తి క్రాపు కొట్టించేద్దామనుకుంటున్నారు. మిర్యాలగూడ సోదరి తన జుట్టు ఏళ్ళ తరబడి భుజాలు దాటి దిగడం లేదని, తన ఒంట్లోనే ఏదో లోపమున్నదేమోనని బాధపడ్డారు. కోదాడ నుండి డిగ్రీ చదువుతున్న చెల్లెలు అడిగిన ప్రశ్న ఇంకా బరువైనది. పెళ్ళిచూపులకు ముందు పార్లరుకు వెళ్ళి జుట్టు సాపు చేయించుకొమ్మని ఇంట్లో పట్టుబడుతున్నారు, ఏమి చేయమంటారని.

ఊళ్ళు మూడు, వయసులు మూడు. మూలం మాత్రం ఒక్కటే. సాపు జుట్టుకు చేసే సేవను రింగుల జుట్టుకు చేస్తున్నాము. దాని స్వభావం వేరు గనుక పద్ధతీ వేరుగా ఉండాలి.

చిక్కు ఎందుకు పడుతుంది?

వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే సాపు వెంట్రుక దాదాపు గుండ్రంగా, రింగుల వెంట్రుక కోడిగ్రుడ్డు ఆకారంలో నొక్కినట్లుగా కనబడుతుంది. అది మొలిచే కుదురే వంపుగా ఉంటుంది. అందుచేత మాడు మీద ఊరే సహజమైన జిడ్డు సాపు వెంట్రుక మీద చివరి దాకా జారిపోతుంది గాని, రింగుల వెంట్రుక మీద మొదటి మలుపుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే కుదుళ్ళ దగ్గర నూనెగానూ చివళ్ళు ఎండుగడ్డిలాగానూ ఉంటాయి. వెంట్రుక పైన చేప పొలుసుల వంటి పొర ఒకటుంటుంది. మలుపుల దగ్గర ఆ పొలుసులు సులువుగా లేచి, పక్క వెంట్రుకను పట్టుకొంటాయి.

ఇంకొక సంగతి. ఎవరికైనా రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజమే. సాపు జుట్టువారికి అవి నేల మీద పడతాయి. రింగుల జుట్టులో రాలినది కింద పడక, పక్క రింగులో చుట్టుకొని అక్కడే ఉండిపోతుంది. వారం రోజులు దువ్వకపోతే అలాంటివి కొన్ని వందలు చేరి ముడిపడతాయి. కనుక వారానికొకసారి దువ్వెనకు పిడికెడు వెంట్రుకలు వచ్చినంత మాత్రాన జుట్టంతా ఊడిపోతున్నదని బెంగపడనక్కరలేదు.

పెరుగుతున్నదా, విరుగుతున్నదా?

మిర్యాలగూడ సోదరి ముందుగా తేల్చుకోవలసినది ఇది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్కొక్క వెంట్రుక రెండు నుండి ఆరేళ్ళ దాకా పెరిగి రాలిపోతుంది. అయిదేళ్ళుగా పొడవు మారలేదంటే చాలామందిలో జుట్టు పెరగక కాదు, పెరిగినంతా చివర విరిగిపోతున్నందువలన.

దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను తెల్లని కాగితం మీద పరచి చూడండి. ఒక కొసన ఆవగింజకంటె చిన్న తెల్లని బొడిపె ఉంటే అది ఆయుష్షు తీరి రాలిన వెంట్రుక. బొడిపె లేక పొట్టి ముక్కలుగా ఉంటే అవి విరిగినవి. విరిగినవే ఎక్కువైతే మందులు కొనడం కాదు, దువ్వే పద్ధతి మార్చాలి. పొడవు కొలవడంలోనూ పొరపాటు పడకండి. రింగుల జుట్టు ఆరిన తరువాత ముడుచుకొని ఉన్న పొడవులో సగమే కనిపించవచ్చు. మెడ వెనుక ఒక పాయను మెల్లగా సాగదీసి, మూడు నెలలకొకసారి టేపుతో కొలిచి గోడ క్యాలెండరు మీద వ్రాసుకోండి.

బొడిపె ఉన్నవే మరీ ఎక్కువగా వస్తుంటే కారణం లోపల వెదకాలి. కాన్పు అయిన రెండు మూడు నెలలకు, గట్టి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు విపరీతంగా రాలి, తరువాత చాలామందికి తనంతట తానే తిరిగి వస్తుంది. రక్తహీనత మరొక కారణం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తం తక్కువగా ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్, వీలైతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, వీలైనవారు కాలేయము భోజనంలో చేర్చి నిమ్మరసం పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ త్రాగకండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

చిక్కు తీసే పద్ధతి

సూర్యాపేట తల్లికి మా మొదటి మనవి: బడి బస్సు వచ్చే వేళ చిక్కు తీయకండి. ఆదివారం ఉదయం ఆరాధనకు ఆలస్యమవుతున్నదని హడావిడిలోనూ వద్దు. శనివారం సాయంత్రం ఒక గంట దానికే కేటాయించండి. పాపకు కథ చెబుతూ ఇలా చేయండి.

1. పొడి జుట్టును ఎన్నడూ దువ్వవద్దు. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, ముఖ్యంగా చివళ్ళకు పట్టించి అరగంట ఉంచండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు అందులోని మాంసకృత్తులు పోకుండా కాపాడుతుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రకటించారు. ఖనిజ తైలానికీ పొద్దుతిరుగుడు నూనెకూ ఆ గుణం కనబడలేదు.

2. జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, మూడింటిని వదులుగా ముడివేసి పక్కన పెట్టండి. ఒక్కసారి ఒక్క పాయతోనే పని.

3. ముందు వ్రేళ్ళు, తరువాత దువ్వెన. రాలి చుట్టుకొన్న వెంట్రుకలు వ్రేళ్ళకు తెలుస్తాయి, దువ్వెనకు తెలియవు. దువ్వెన వెడల్పు పళ్ళదై ఉండాలి.

4. చివర నుండి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుండి లాగితే చిన్న చిక్కులన్నీ కిందికి జారి ఒకే పెద్ద ముడి అవుతాయి. ఒక చేత్తో ముడికి పైభాగాన పాయను గట్టిగా పట్టుకొంటే లాగుడు మాడుకు తగలదు. పిల్లల ఏడుపు సగం ఇక్కడే ఆగుతుంది.

5. గట్టి ముడి తగిలితే నాలుగు చుక్కల నూనె వేసి, పిన్నుమొనతో బయటి పోగుల నుండి ఒక్కొక్కటిగా వదులు చేయండి. ముడిని రెండు వైపులకూ లాగితే బిగుస్తుంది.

6. ఒంటి వెంట్రుక తనలో తాను వేసుకొన్న ఇసుకరేణువంత ముడి విడదు. దానికి కాస్త పైన పదునైన కత్తెరతో కత్తిరించండి. తెంపితే వెంట్రుక చీలి, చీలిక పైదాకా ప్రాకుతుంది.

తలంటు, నీళ్ళు

మన ప్రాంతంలో బోరునీరు అనగానే ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. ఎముకలకు, పళ్ళకు అది చేసిన హాని లోకమెరిగినదే. జుట్టును బిరుసు చేసేది మాత్రం ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సబ్బుతో అవి కలిసి తెల్లని తెట్టుగా వెంట్రుకకు అంటుకొంటాయి. కనుక తలకు ఒంటి సబ్బు రుద్దవద్దు. కుంకుడు రసం ఇటువంటి నీటిలో కూడా తెట్టు కట్టదు. మన పెద్దలు దానిని వదలకపోవడానికి ఇదొక కారణం. అయితే కుంకుడు జిడ్డును బాగా లాగేస్తుంది. రింగుల జుట్టుకు పలుచని రసం, వారానికొకసారి, మాడుకు మాత్రమే చాలు. చివళ్ళకు జారిపోయే నురుగు సరిపోతుంది. కళ్ళలో పడకుండా చూడండి. కుళాయిలో కృష్ణా నీరు వచ్చే ఇళ్ళవారు, వాన నీరు పట్టుకొనేవారు ఆఖరి చెంబులు వాటితో పోసుకోండి. లేకుంటే పెద్ద చెంబెడు నీటిలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసి, మళ్ళీ మంచినీరు పోయండి.

మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరు. గంజికి కొరత లేదు. పలుచని గంజి నీళ్ళు చివళ్ళకు పట్టించి పావుగంటలో కడిగితే దువ్వెన జారుతుంది. అది జుట్టును పెంచే మందు మాత్రం కాదు. తరచుగా పెడితే జుట్టు బిరుసెక్కుతుంది గనుక నెలకొకటి రెండుసార్లు చాలు.

తడి వెంట్రుక సాగుతుంది, త్వరగా తెగుతుంది. తలస్నానం తరువాత తువ్వాలును మెలిపెట్టి పిండడం, జుట్టును విదిలించి కొట్టడం మానండి. పాత నూలు పంచెతో అద్దండి.

జడ, రిబ్బను, దిండు

బడికి రెండు జడలు తప్పవు. కాని నుదుటి దగ్గర చర్మం లాగేటంత బిగుతు అవసరం లేదు. బిగుతు కొప్పుల వలన నుదుటి అంచున జుట్టు రాలుతుందని 1907లోనే గ్రీన్లాండు స్త్రీలలో గమనించి వ్రాశారు. చాలాకాలం అలాగే లాగితే కుదురు చచ్చి, అక్కడ మరల మొలవదు. సన్నని రబ్బరు బ్యాండ్లు వెంట్రుకను కోస్తాయి. గుడ్డ చుట్టినవి వాడండి. రాత్రి వదులుగా ఒక జడ వేసి పడుకోబెట్టండి. పాత పట్టుచీర ముక్కతో దిండుకు గలీబు కుట్టండి. నూలు గలీబులాగా అది వెంట్రుకను పట్టి లాగదు. హైవే మీద బస్సులో, బండి మీద ప్రయాణించేటప్పుడు, మిల్లులో, పొలంలో పనిచేసేటప్పుడు తలకు గుడ్డ కట్టుకొంటే గాలి, దుమ్ము వలన పడే చిక్కు సగం తగ్గుతుంది.

పేల గురించి ఒక హెచ్చరిక. రింగుల జుట్టులో పేలు తీయడం కష్టమని కొందరు కిరోసిను, మరికొందరు పొలానికి తెచ్చిన పురుగుల మందు పిల్లల తలకు రాస్తున్నారు. ఆ విషం చర్మం గుండా ఒంటిలోకి దిగి ప్రాణం తీయగలదు. మందుల షాపులో దొరికే ఒక శాతం పర్మెత్రిన్ మందును దానిపై వ్రాసిన విధంగా వాడి, వారం పది రోజులకు మరల ఒకసారి వాడండి. తడిపి, చిక్కు తీసిన తరువాతనే పేల దువ్వెన పెట్టండి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి చూడండి.

కోదాడ చెల్లెలికి

పార్లరు మందు జుట్టునే గాని కుదురును మార్చదు. మూడు నెలలకే మొదట్లో రింగులు వస్తాయి. సాపు చేసిన భాగం, కొత్త భాగం కలిసే చోట వెంట్రుక విరుగుతుంది. మళ్ళీ మళ్ళీ చేయించాలి, వేలకు వేలు పోయాలి.

డబ్బుతో పోయేదయితే ఇంత వ్రాయము. కెరటిన్ పేరుతో చేసే కొన్ని పూతల నుండి వేడి తగలగానే ఫార్మాల్డిహైడు ఆవిరి వస్తుంది. దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో క్యాన్సరు కారకంగా నిర్ణయించింది. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం వలన ఒక యువతికి మూడుసార్లు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని 2024లో ఫ్రాన్సు వైద్యులు ప్రకటించారు. అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. జుట్టు సాపు చేసే మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ వయసు లోపల గర్భాశయ క్యాన్సరు వచ్చే అవకాశం నూటికి 1.64 కాగా, తరచుగా వాడినవారిలో 4.05 అని లెక్కకట్టారు. మందే కారణమని ఆ లెక్క రుజువు చేయదు. అయినా జాగ్రత్తపడడానికి అది చాలు.

ఆ దేశంలో నల్లజాతి స్త్రీలు తమ రింగుల జుట్టు కారణంగా తరతరాలుగా ఉద్యోగాలలో, బడులలో చులకనకు గురయ్యారు. జుట్టు తీరును బట్టి వివక్ష చూపరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసింది. మన ఇళ్ళలో చట్టం అక్కరలేదు, పెద్దల మాట చాలు. "ఆ జుట్టేమిటే, పిచ్చుక గూడులాగా" అనే మాట చిన్నప్పటి నుండి విన్న పిల్ల అద్దంలో తనను తాను ప్రేమగా చూసుకోలేదు. ఆ మాట మానడం తల్లిదండ్రుల వంతు.

చెల్లీ, పెళ్ళిచూపుల ముందురోజు నూనె పెట్టి, చిక్కు తీసి, తలంటుకొని, తడి ఉండగానే వదులుగా జడ అల్లుకో. ఉదయం విప్పితే రింగులు ఒద్దికగా నిలుస్తాయి. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు పెద్దలు. వచ్చేవారు నిన్ను నీ జుట్టుతోనే చూడనీ. సాపు చేసిన జుట్టును చూసి ఒప్పుకొన్న ఇంటిలో జీవితమంతా సాపు చేయించుకొంటూనే ఉండాలి. ఈ సంగతులు అమ్మానాన్నలకు నీవు చెప్పలేకపోతే ఈ పేజీని వారి చేతికి ఇవ్వు.

ఒక చిన్న మాట. చిక్కు వెంట్రుకలను కాలువలో పారవేయకండి, నీరు పోయే దారి మూసుకొంటుంది. వీధిలోకి వచ్చే వెంట్రుకల బేరగాడు వాటికి గిన్నెలో, డబ్బులో ఇస్తాడు. అవి ఎక్కడో పేద స్త్రీల చేతులలో పోగు పోగుగా విడివడి, పొడవుల వారీగా కట్టలై సవరాలుగా, విగ్గులుగా మారుతాయి. మనం విసుక్కొని పారేసిన చిక్కును ఓపికగా విడదీసి వారు బ్రతుకుతున్నారు. మన బిడ్డ తలకు వారానికొక గంట ఆ ఓపిక చూపలేమా? మూడు నెలలు ఇలా చేసి, క్యాలెండరు మీది కొలతలతో మాకు తప్పక వ్రాయండి.