గృహనిర్వహణము: వేడినీటికి ఏ సాధనము మేలు?

ధనుర్మాసము వచ్చినదనిన మన యిండ్లలో తెల్లవారకమునుపే స్నానములు మొదలగును. పిల్లలకు బడి తొందర, పెద్దలకు కొలువుల తొందర. ముసలివారికి చన్నీళ్లు పడవు. చంటిబిడ్డకు వెచ్చని నీరే కావలెను. కావున ఈ మాసము వేడినీటి యేర్పాటును గూర్చి సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మా చిన్నతనమున పెరటిలో రాగికాగు క్రింద కట్టెలును, కొబ్బరిమట్టలును మండుచుండెడివి. నీళ్లు కాచుట యింటి కోడలికి ప్రొద్దుటి మొదటి పని. పొగయంతయు నామె కన్నులకే. ఆ కాగు నేడు పెక్కిండ్లలో అటక యెక్కినది. దాని స్థానమున వచ్చిన సాధనములు పలువిధములు. అంగడివాడు వెల చెప్పును, హంగులు చూపును; మన యింటికేది తగునో తేల్చుకొనవలసినది మనమే.

ముందుగా ఖర్చుమాట. 20 లీటర్ల బకెట్టు నీటిని 22 డిగ్రీలనుండి 42 డిగ్రీలకు వెచ్చచేయుటకు సుమారు అర యూనిటు విద్యుత్తు పట్టును. కడ్డీతో కాచినను, గీజరుతో కాచినను ఈ లెక్క యించుమించు నొక్కటియే. నలుగురు తలకొక బకెట్టు చొప్పున స్నానమాడిన నెలకు 55 మొదలు 60 యూనిట్లగును. అంతకు మించి బిల్లు వచ్చిన, గీజరు స్విచ్చి వేసి మరచుటయో, నీటిని మితిమీరి మరిగించి చన్నీళ్లు కలుపుకొనుటయో కారణమై యుండును.

నీటిలో ముంచు కడ్డీ వెల తక్కువ, అద్దెయింటివారికి అనుకూలము. కాని నీళ్లు కాగినవో లేదో యని వ్రేలు ముంచి చూచు నలవాటు మనలో పలువురకు గలదు. అది ప్రాణములు తీయు నలవాటు. కడ్డీని నీటిలో నుంచిన పిమ్మటనే స్విచ్చి వేయవలెను. స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే నీటిని ముట్టవలెను. ఇనుప బకెట్టు వలదు. పిల్లలు తిరుగాడు చోట కడ్డీని ఒంటరిగా విడువరాదు.

గోడకు బిగించు విద్యుత్ గీజరు అంతకంటె క్షేమము. బకెట్టుతో స్నానమాడు చిన్న కుటుంబమునకు 15 లీటర్లది చాలును. 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును లాగును గనుక, దీపములకు వాడు 6 ఆంపియర్ల ప్లగ్గునకు తగిలింపరాదు; 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తుతీగ ఉండవలెను. విద్యుత్తు లీకయినచో తనంతట కట్టివేయు 30 మిల్లీ ఆంపియర్ల రక్షకమును పెట్టించుకొన్న మరింత నిశ్చింత. వేడిమిని 50 డిగ్రీల దాపున నిలుపుడు. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలోనే పసివారి చర్మమును కాల్చును. బోరునీరు ఉప్పగానున్న యూళ్లలో లోపలి చుట్టకు సుద్ద పేరుకొనును. ఏటేట శుభ్రపరపించుట మంచిది.

ఇక గ్యాసు గీజరు. దీనిని గూర్చి మా యింటి సంగతియే చెప్పవలసి యున్నది. విద్యుత్తు ఖర్చునకు జంకి మేమొకటి కొంటిమి. బిగించుటకు వచ్చినవాడు దానిని స్నానపుగదిలోనే పెట్టి, “ఏమియు కాదమ్మా” అని పోయెను. చలిగాలి వచ్చుచున్నదని కిటికీకి గుడ్డలు కుక్కినది మాత్రము మేమే. భోగినాడు మా మేనకోడలు తలంటుకొనబోయి యెంతకును రాలేదు. “అమ్మాయీ!” యని పిలిచిన పలుకు లేదు. గడియ విరుగగొట్టి చూడగా గోడకు జారగిలబడి స్పృహ తప్పియున్నది. వెంటనే బయటికి తెచ్చి, ఆసుపత్రికి చేర్చి, ప్రాణవాయువు పెట్టింపగా దైవకృపచే బ్రతికినది. ఆనాటి భయము మాకు నేటికిని పోలేదు.

కారణ మిది. మూసిన గదిలో మంట మండిన ప్రాణవాయువు తరిగి, కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువుకంటె దానిని 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, తల తిరుగుట, వికారము, కాళ్లు తేలిపోవుట దాని గురుతులు. అట్లయినచో తలుపు తెరచి గాలిలోనికి వచ్చి, గ్యాసు కట్టి, 108కు ఫోను చేయవలెను. బాలింత గదిలో తలుపులు బిగించి పెట్టు బొగ్గుల కుంపటియు నిదే విషమును పుట్టించునని పెద్దవారికి మెల్లగా నచ్చచెప్పుడు. గ్యాసు గీజరు కావలసినవారు దానిని గాలి యాడు బయటిగోడకు పెట్టించి, నీటిగొట్టమును మాత్రమే లోనికి తెచ్చుకొనవలెను. గదిలోని పంకాను నమ్మి యుండరాదు.

సొంతయిల్లు, ఎండపడు మేడ గలవారికి సూర్యరశ్మితో నీళ్లు కాచు సాధనము మేలు. నలుగురికి 100 లీటర్లది సాధారణముగా చాలును. పగలు కాగిన నీరు కప్పుదల గల తొట్టిలో రాత్రియంతయు వేడిగా నిలుచును గనుక తెల్లవారుజాము స్నానమునకు చక్కగా నుపకరించును. మబ్బు దినములకు వేరొక యేర్పాటుండవలెను. ఉప్పునీరు గలచోట రాగిగొట్టముల పలకలకంటె గాజుగొట్టములవి శుభ్రపరచుకొన తేలిక. మేడ నుండి స్నానపుగదికి గొట్టము పొడుగయిన, వేడినీరు వచ్చులోపల చన్నీళ్లు వృథా యగును. వానిని బకెట్టుకు పట్టి మొక్కలకు పోయుడు.

మా యింట గ్యాసు గీజరును తీసివేసి, 15 లీటర్ల విద్యుత్ గీజరును పెట్టించితిమి. నెలకు బిల్లు కొంత హెచ్చినది. అయినను, లోన స్నానమాడు బిడ్డ పాటలు విని మేము నిశ్చింతగా వంట చేసికొనుచున్నాము. ఈ సాయంకాలమే మీ స్నానపుగదిలోనికి పోయి, మంట యెచ్చట మండుచున్నదో, గాలి యెటనుండి వచ్చుచున్నదో యొకసారి చూచుకొన వేడుచున్నాము.