యాంటీబాడీల పరీక్ష ఒకసారి చాలు

థైరాయిడ్ మాత్ర వాడుతున్న స్త్రీలు తెచ్చి చూపే పరీక్షా పత్రాలలో ఒక విషయం నన్ను కలవరపరుస్తుంది. టీఎస్‌హెచ్ చక్కగా అదుపులో ఉంటుంది. దాని దిగువనే యాంటీ టీపీఓ అనే మరొక పేరు, ఎదుట ఆరు వందలో వెయ్యో సంఖ్య, ముదురు అక్షరాలలో. ఆలూరు, పత్తికొండల నుంచి కర్నూలుకు, జమ్మలమడుగు నుంచి కడపకు బస్సెక్కి వచ్చి, కూలిడబ్బుతో ఆ సంఖ్యను మాటిమాటికీ కొలిపించుకొనేవారున్నారు. "ఇది ఎప్పుడు దిగుతుంది సార్?" అన్నది వారి ప్రశ్న. దిగవలసిన పని లేదన్నది నా సమాధానం.

మన దేహరక్షణ వ్యవస్థ తన గ్రంథినే పరాయిదిగా భావించి దాడి చేయడం ఈ వ్యాధికి మూలం. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులను పరీక్షించి, వాటినిండా తెల్లరక్తకణాలు చేరి ఉండటాన్ని వర్ణించాడు. కారణం తెలియడానికి నాలుగు దశాబ్దాలు పైగా పట్టింది. 1956లో లండన్‌లో రాయిట్, డోనియాక్ తదితరులు ఆ రోగుల రక్తంలో సొంత గ్రంథికి వ్యతిరేకమైన యాంటీబాడీలను కనుగొన్నారు.

టీపీఓ అనేది హార్మోను తయారీలో అయోడిన్‌ను అతికించే ఎంజైము. దానిపై పుట్టిన యాంటీబాడీలు గ్రంథిలో దాడి జరుగుతున్నదని తెలుపుతాయి. గ్రంథిని ప్రధానంగా ధ్వంసం చేసేవి మాత్రం టీ లింఫోసైట్లనే కణాలు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పున్నదని పొగ చెబుతుంది, సరే. రోజూ పొగను కొలిచినందువల్ల నిప్పు ఆరదు కదా! మాత్ర మోతాదును నిర్ణయించేది టీఎస్‌హెచ్. యాంటీబాడీ వందైనా వెయ్యైనా మోతాదు మారదు.

అలాగని ఆ పరీక్ష నిరర్థకమని నేననడం లేదు. టీఎస్‌హెచ్ స్వల్పంగా పెరిగి, మందు మొదలుపెట్టాలా వేచిచూడాలా అన్న సందిగ్ధం ఉన్నప్పుడు అది దారి చూపుతుంది. ఇంగ్లండులోని విక్‌హామ్ ప్రాంత ప్రజలను ఇరవై ఏళ్లు గమనించిన అధ్యయనంలో, యాంటీబాడీలు మాత్రమే ఉన్న స్త్రీలలో ఏటా నూటికి ఇద్దరు, వాటితోపాటు టీఎస్‌హెచ్ కూడా పెరిగినవారిలో ఏటా నూటికి నలుగురు హైపోథైరాయిడ్ స్థితికి చేరుకున్నారు. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నవారికి ఏడాదికొకసారి ఆ ఒక్క పరీక్ష చాలు. ముందుజాగ్రత్తగా మాత్ర మింగించడం సబబు కాదు. గర్భస్రావాలు లేదా సంతానలేమి చరిత్ర ఉండి, యాంటీబాడీలున్నా థైరాయిడ్ సక్రమంగా పనిచేస్తున్న 952 మంది స్త్రీలపై బ్రిటన్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మాత్ర వాడినవారిలోనూ వాడనివారిలోనూ సజీవ ప్రసవాలు దాదాపు సమానమే.

యాంటీబాడీలను కరిగిస్తామంటూ అమ్మే పొడుల సంగతి చెప్పనక్కరలేదు. సెలీనియం మాత్రలతో సంఖ్య కొంత తగ్గవచ్చు. రోగికి మేలు జరిగిందన్న గట్టి రుజువు లేదు. అయోడిన్ ఉప్పు మానేయమన్న సలహా మరింత ప్రమాదకరం. మన శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి హిమాలయ సానువుల్లోని కాంగ్రా లోయలో ఆ ఉప్పుతోనే గళగండాన్ని తగ్గించి చూపారు. కూరలో వేసుకొనే ఉప్పు వల్ల భయం లేదు. అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులే మోతాదు మించి హాని చేయగలవు.

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలలో యాంటీ టీపీఓను అందరికీ చేర్చడం మానాలని నా అభిప్రాయం. ఆ ఖర్చు గర్భిణులకు తొలి నెలల్లోనే టీఎస్‌హెచ్ చేయించడానికి వినియోగిస్తే ఎంత ప్రయోజనం! తల్లికి థైరాయిడ్ లోపించి, గుర్తించకపోతే శిశువు మెదడు ఎదుగుదలకే ముప్పు.

ఒక్క చోట యాంటీబాడీ సంఖ్యను నిర్లక్ష్యం చేయరాదు. గ్రేవ్స్ వ్యాధిలో అది పొగ కాదు, నిప్పే. టీఎస్‌హెచ్ గ్రాహకానికి అతుక్కొని గ్రంథిచేత అదేపనిగా హార్మోను తయారు చేయిస్తుంది. మాయను దాటి గర్భస్థ శిశువు గ్రంథినీ ప్రేరేపించగలదు. తల్లికి ఆపరేషన్‌తో గ్రంథి తీసివేసినా, రేడియో అయోడిన్‌తో నయమైనా ఆ యాంటీబాడీలు రక్తంలో మిగిలి ఉండవచ్చు. కనుక ఎప్పుడో గ్రేవ్స్ వచ్చి తగ్గిన స్త్రీ గర్భం దాల్చగానే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. టీఆర్‌ఏబీ అనే పరీక్షను ఆమెకు తప్పక చేయించాలి.