ఆపరేషన్ పోలో - కమాండు వ్యవస్థ

ఆపరేషన్ పోలో 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు హైదరాబాదు సంస్థానంపై భారత సైన్యం జరిపిన చర్య. ఇది "పోలీసు చర్య" అన్న పేరుతో ప్రసిద్ధి చెందినది. అయితే ఆజ్ఞలు ఎవరినుండి ఎవరికి వెళ్ళినవో పరిశీలిస్తే, ఇది పూర్తిగా సైనిక చర్య అని తెలుస్తుంది.

భారత సైన్యం

ఈ చర్యకు పథకాన్ని దక్షిణ కమాండు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ గొడ్డార్డ్ రూపొందించాడు. తరువాత అదే పదవిలో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ దానిని అమలు జరిపాడు. రెండు ప్రధాన దళాలు ఆయన ఆధిపత్యం క్రింద నడిచినవి. పశ్చిమాన షోలాపూరు నుండి మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి, తూర్పున విజయవాడ నుండి మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర వీటికి నాయకత్వం వహించారు.

అప్పట్లో పల్నాడు మద్రాసు ప్రావిన్సులోని గుంటూరు జిల్లాలో భాగం. మాచర్ల, గురజాల ప్రాంతాలకు ఉత్తరాన కృష్ణానది దాటితే సంస్థానపు నల్గొండ జిల్లా వచ్చేది. ఈ సరిహద్దు ఇంత దగ్గరగా ఉన్నా, తూర్పు దళం విజయవాడ - సూర్యాపేట మార్గాన్నే అనుసరించినది.

సంస్థాన పక్షం

సంస్థాన సైన్యానికి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ అధిపతి. రజాకార్లు ఆ సైన్యంలో భాగం కారు. వారి నాయకుడు కాశిం రజ్వీ సైనికాధికారి కాదు, మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడు. అనగా ఒకే పక్షాన రెండు సాయుధ బలగాలు వేరువేరు నాయకత్వాల క్రింద ఉండేవి.

అదే సంవత్సరం పశ్చిమ ఐరోపాలో బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాల కూటమి తన రక్షణ సంస్థను ఏర్పరచినది. దాని సేనాధిపతుల సంఘానికి మాంట్‌గోమరీ అధ్యక్షుడే గాని, సర్వసేనాని కాదు. భూసేనల అధిపతి ద లాత్ర్‌తో ఆయనకు విభేదాలు వచ్చినవి. 1951లో ఆ బాధ్యతలు ఐసెన్‌హోవర్ నాయకత్వంలోని నాటో కమాండుకు బదిలీ అయినవి.

పరిణామాలు

సెప్టెంబరు 18న ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. చౌధురి సైనిక గవర్నరయ్యాడు. సైన్యాల పోరు ముగిసినా హింస ఆగలేదు. చర్య జరిగిన కాలంలోను, తరువాతను 27,000 నుండి 40,000 మంది మరణించి ఉండవచ్చునని కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసినది. అంతకు ముందు రజాకార్లు జరిపిన దౌర్జన్యాలను కూడా ఆ బృందం ప్రస్తావించినది.

నేటి చర్చ

సెప్టెంబరు 17ను కేంద్ర ప్రభుత్వం "విమోచన దినం"గా జరుపుతున్నది. తెలంగాణ ప్రభుత్వం 2022లో "జాతీయ సమైక్యత" పేరుతోను, 2024లో "ప్రజాపాలన దినోత్సవం" పేరుతోను జరిపినది. పేరు ఏదైనప్పటికీ, సాయుధులు ఎవరి ఆజ్ఞకు లోబడి ఉండిరి, ప్రజల ప్రాణాలకు ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలకు ఈ పేర్లలో ఏదీ సమాధానం చెప్పదు.