జర్మనీ చూడని జర్మన్ టీచర్లు.. తార్నాక భాషా విద్యార్థులకు విదేశం ఎందుకు అందడం లేదు?

హైదరాబాద్: బౌద్ధనగర్‌లో ముగ్గురు కలిసి అద్దెకుంటున్న ఓ గది. పొద్దున 6 గంటలు. ఇద్దరు ఇంకా నిద్రలోనే ఉన్నారు. మూడో అమ్మాయి బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతు తగ్గించి జర్మన్ క్లాస్ చెబుతోంది. అవతల కరీంనగర్ నుంచి ఓ నర్సు, గుంటూరు నుంచి ఇద్దరు బీటెక్ కుర్రాళ్లు. పరీక్ష పాసై, వీసా చేతికొస్తే వాళ్లు ఏడాది తిరిగేలోపు జర్మనీలో ఉంటారు. వాళ్లకు డేర్, డీ, డాస్ నేర్పిస్తున్న ఈ ఎంఏ అమ్మాయి మాత్రం ఇంతవరకు శంషాబాద్ ఎయిర్‌పోర్టు లోపలికి కూడా వెళ్లలేదు.

ఇలాంటి గదులు తార్నాక చుట్టూ చాలానే ఉన్నాయి. భాష నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోతున్నారు. భాష అవసరమై నాలుగు ముక్కలు నేర్చుకున్నవాళ్లు విమానం ఎక్కేస్తున్నారు. తప్పు ఎవరిదీ కాదు. కానీ లెక్క మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది.

ముందు ఈ ప్రాంతం సంగతి చూద్దాం. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో ఉన్నత చదువులు చెప్పింది. పాఠ్యపుస్తకాల అనువాదం కోసమే అప్పట్లో ఓ ప్రత్యేక విభాగం నడిచింది. ఆ పక్కనే 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వచ్చింది. తర్వాత విదేశీ భాషలు కలిసి సీఫెల్ అయింది. పార్లమెంటు 2006లో చేసిన చట్టంతో సెంట్రల్ యూనివర్సిటీగా మారి ఇఫ్లూ అయింది. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్, అరబిక్, జపనీస్, చైనీస్, కొరియన్.. ఇన్ని భాషలు ఒకే ప్రాంగణంలో నేర్పే చోట్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే పాఠం చెప్పేవాళ్లకు, లైబ్రరీకి ఇక్కడ కొదవ లేదు. లేనిదల్లా ఆ భాష మాట్లాడే ఊరు.

గిరాకీ పెరిగింది.. ఎవరికి?

అమెరికా దారి ఇరుకైన కొద్దీ తెలుగు కుటుంబాల చూపు యూరప్ వైపు మళ్లుతోంది. 2025 మే చివర్లో అమెరికా స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేసింది. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినా, సోషల్ మీడియా ఖాతాల తనిఖీ అనే మెలిక పెట్టింది. సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. అటు జర్మనీ చూస్తే, భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏటా 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబర్‌లో చెప్పింది. 2023-24 శీతాకాలం సెమిస్టర్ నాటికే అక్కడ మన విద్యార్థులు 49 వేలు దాటారు. చైనాను వెనక్కి నెట్టి విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానం మనదే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులకు జర్మన్, జపనీస్ శిక్షణ ఇప్పిస్తోంది.

మరి వీళ్లందరికీ భాష నేర్పేదెవరు? బంజారాహిల్స్‌లోని గోథే జెంత్రుమ్ లాంటి సంస్థలు కొంత. మిగతా భారంలో చాలా భాగం అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, ఫోన్ క్లాసుల మీదే పడుతోంది. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లలో భాషల్లో డిగ్రీ, పీజీ చేసినవాళ్లు, ఇంకా చేస్తున్నవాళ్లే ఎక్కువ. నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మనీలో సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. అంటే రోగి నొప్పి ఎక్కడో సరిగా చెప్పలేకపోయినా అర్థం చేసుకోగలగాలి. ఆ చెవిని తయారుచేయాల్సిన టీచర్‌కే అలాంటి మాట నేరుగా వినే అవకాశం రాలేదు.

ఇంట్లో కూర్చుంటే భాష రాదా?

వస్తుంది. కొన్ని భాషలు తెలుగువాళ్లకు అనుకున్నదానికంటే తేలికగానే వస్తాయి. జపనీస్ సంగతే చూడండి. 'నేను అన్నం తిన్నాను' అన్నట్టే అక్కడా క్రియ చివర్లోనే వస్తుంది. దీర్ఘం పలకడం, ఒత్తు పలకడం మనకు పలకాబలపం నాడే అలవాటైన విద్య. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస. 'ఒబాసన్' అంటే నానమ్మ, అమ్మమ్మ. 'కితే' అంటే వచ్చి, 'కిత్తే' అంటే పోస్టల్ స్టాంపు. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. మనవాళ్లకు అది గుణింతమంత సులువు. జర్మన్‌లో 'ఎందుకంటే' అని మొదలుపెడితే ఆ ముక్కలో క్రియ చివరికి పోతుంది. కోచింగ్‌లో దీన్ని ఇంగ్లిష్ మీదుగా చెప్పి తికమక పెడతారు కానీ, తెలుగు మీదుగా చెబితే ఒక్క పూటలో పట్టేస్తారు. ఫ్రెంచ్‌లో ఒకరినైతే 'తు' అనాలి, ఇంకొకరినైతే 'వు' అనాలి. నువ్వు, మీరు తెలిసిన మనకు ఈ తేడా ఎవరో వివరించాల్సిన పనిలేదు.

చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. 'నువ్వు' అనే ఆ 'తు'లోని అచ్చు తెలుగులో లేదు. పెదాలు 'ఉ'కు పెట్టి, నాలుక 'ఇ'కి పెట్టాలి. 'అంతా' అనే ఇంకో మాటలో మామూలు 'ఉ' పలుకుతుంది. తెలుగులో రాస్తే రెండూ 'తు'నే. ఈ తేడా నోటికి రావాలంటే గట్టిగా పలకాలి, తప్పు పలకాలి, ఎదుటివాళ్లు మొహం చిట్లిస్తే మళ్లీ పలకాలి. పక్కన ఇద్దరు నిద్రపోతున్న గదిలో అది ఎలా సాధ్యం? ఫోన్‌లో వినడం ఎంతైనా వినొచ్చు. నోరు తెరవడానికే చోటు లేదు. తార్నాక మెట్రో మెట్ల మీద నడుస్తూ వాయిస్ నోట్‌లో రికార్డు చేసుకుందామంటే, వచ్చీపోయేవాళ్ల చూపులు భరించాలి.

ఇంకో సంగతి. టీవీ వార్తలు చూసి తెలుగు నేర్చుకున్న ఓ విదేశీయుడిని తీసుకెళ్లి సిద్దిపేట బస్టాండ్‌లోనో, శ్రీకాకుళం సంతలోనో దింపితే ఏమవుతుంది? వార్తలు అర్థమైన మనిషికి బేరం అర్థం కాదు. మ్యూనిక్ ఆస్పత్రిలో మన నర్సుల పరిస్థితీ అంతే. యాప్‌లో వినిపించేది శుద్ధమైన స్టూడియో జర్మన్. వార్డులో ముసలాయన మాట్లాడేది బవేరియా యాస.

ఇంటి దగ్గర చదువు ఈ గడ్డకు కొత్త కాదు. యూజీసీ 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ మొదలుపెట్టింది. వాటి కోసం కార్యక్రమాలు తీసిన చోట్లలో మన సీఫెల్ ఒకటి. ఇక 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో హాస్టళ్లు ఖాళీ అయ్యాక క్లాస్ మొత్తం ఫోన్‌లోకి వచ్చేసింది. ఊళ్లకు పోయినవాళ్లు సిగ్నల్ కోసం డాబా ఎక్కారు. ఇతర సబ్జెక్టుల్లో నోట్స్ అందితే సగం పని అయినట్టే. భాషకు అలా కుదరదు. నెట్ తగ్గగానే ముందు పోయేది ఉచ్చారణలోని సన్నని తేడాలే. చైనా యూనివర్సిటీల్లో చేరిన భారతీయ విద్యార్థులైతే రెండేళ్లకు పైగా ఇంటి నుంచే చదవాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో గానీ వాళ్లకు వీసాలు మళ్లీ తెరుచుకోలేదు.

దారులున్నాయి.. సన్నగా

అసలు అవకాశాలే లేవనడం తప్పవుతుంది. జర్మన్ చదివేవాళ్లకు డీఏఏడీ వేసవి కోర్సుల స్కాలర్‌షిప్ ఉంది. ఫ్రెంచ్ విద్యార్థులు అక్కడి బడుల్లో ఇంగ్లిష్ అసిస్టెంట్లుగా ఏడు నెలలు పనిచేసే పథకం ఉంది. జపనీస్ డిగ్రీ చేస్తున్నవాళ్లకు జపాన్ ప్రభుత్వం ఏడాది పాటు అక్కడ చదివే స్కాలర్‌షిప్ ఇస్తుంది. అన్నీ మంచివే. కానీ ఇవన్నీ అవతలి దేశం తన భాష కోసం పెడుతున్న ఖర్చు. పోటీ ఎక్కువ, సీట్లు తక్కువ.

సొంత డబ్బుతో వెళ్దామంటే లెక్క మొదట్లోనే తెగిపోతుంది. జర్మనీ స్టూడెంట్ వీసాకు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. మన డబ్బుల్లో రూ.10 లక్షలు దాటుతుంది. బీటెక్ కుర్రాడి తండ్రి ఆ మొత్తాన్ని పెట్టుబడి అనుకుని పొలం కాగితాలు బ్యాంకులో పెడతాడు. ఎంఏ ఫ్రెంచ్ చదివే అమ్మాయి తండ్రికి అదే ధైర్యం రావాలంటే ఎలా వస్తుంది? అప్పు తీర్చే జీతం ఎక్కడుందో ఎవరూ చూపించలేదు.

తెలంగాణలో అంబేద్కర్, జ్యోతిబాఫూలే పేర్లతో ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. చాలా పేదిళ్ల పిల్లలను విదేశీ యూనివర్సిటీలకు చేర్చిన పథకాలివి. కాకపోతే అవి పూర్తి పీజీ, పీహెచ్‌డీల కోసం. భాషా విద్యార్థికి కావాల్సింది రెండేళ్ల డిగ్రీ కాదు, చదువు మధ్యలో ఓ ఆర్నెల్లు. కెమిస్ట్రీకి ల్యాబ్ ఎలాగో భాషకు ఆ ఊళ్లో ఉండటం అలాగ. ల్యాబ్ లేకుండా బీఎస్సీ కెమిస్ట్రీ ఇస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి సర్దుకుపోతున్నారు.

ఈలోపు ఖర్చు లేని దారి ఒకటి కళ్ల ముందే ఉంది. ఉస్మానియాలో యెమెన్, సూడాన్, ఇరాక్ లాంటి దేశాల విద్యార్థులు చాలాకాలంగా చదువుతున్నారు. విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే కోర్సులు ఇఫ్లూలోనే నడుస్తాయి. ఇంట్లో అరబిక్ మాట్లాడేవాళ్లు, ఫ్రెంచ్‌లో చదువుకున్నవాళ్లు అదే తార్నాక, హబ్సిగూడ హోటళ్లలో చాయ్ తాగుతుంటారు. పాతబస్తీ అవతల బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలు నిజాం కాలం నుంచీ ఉన్నాయి. వాళ్లకు మన ఇంగ్లిషో, తెలుగో కావాలి. మనవాళ్లకు వాళ్ల నోటి మాట కావాలి. వారానికి రెండు గంటలు ఎదురెదురుగా కూర్చోబెట్టి, దానికి మార్కులు కలిపితే చాలు. ఇష్టముంటే స్నేహం చేసుకోండి అని వదిలేస్తే, సిగ్గుపడేవాళ్లు రెండేళ్లూ సిగ్గుపడుతూనే గడిపేస్తారు.

విదేశీ సెమిస్టర్‌కు నిబంధనలు కూడా అడ్డం కాదు. యూజీసీ 2022లో తెచ్చిన ట్విన్నింగ్ నిబంధనల ప్రకారం, అర్హత ఉన్న యూనివర్సిటీల మధ్య ఒప్పందముంటే విద్యార్థి 30 శాతం వరకు క్రెడిట్లు విదేశంలో చదివి తెచ్చుకోవచ్చు. నాలుగు సెమిస్టర్ల ఎంఏలో అది ఒక సెమిస్టర్ కంటే కాస్త ఎక్కువే. టికెట్, వీసా, ఆ ఆర్నెల్ల అద్దె ఎవరు కట్టాలన్న ప్రశ్న మాత్రం బౌద్ధనగర్ గదిలోనే ఉండిపోయింది.