కొండ అడవిలో చూసినది, రాసినది

ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ పేరుపడిన విశాఖపట్నానికి పడమటగా, అనంతగిరి నుంచి చింతపల్లి, లంబసింగి దాకా పరచుకొన్న తూర్పు కనుమల అడవులు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినప్పటికీ, పక్షిశాస్త్ర గ్రంథాల్లో వాటికి నిలిచిన పేరు విశాఖ కనుమలే. విశాఖకు చెందిన ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ అడవుల్లో సాగించిన కృషికి గౌరవంగా, ఇక్కడి అబాట్ బాబ్లర్ అనే గోధుమవన్నె చిన్న పిట్టను 1985లో కొత్త ఉపజాతిగా వర్ణించిన రిప్లీ, బీలర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు దానికి ‘కృష్ణరాజుయి’ అని పేరు పెట్టారు. ఉపజాతి అంటే ఒకే జాతిలో ఉంటూనే వేరొక ప్రాంతంలో కొద్దిపాటి రూపభేదంతో స్థిరపడిన వర్గం. ఈ పిట్ట బంధువులు తూర్పు హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా వరకు ఉండగా, మధ్యలో అంతటి ఎడంతో ఇది ఇక్కడ మిగలడం నిజంగా అబ్బురమే. ఆ ముగ్గురూ రాసిన విశాఖ కనుమల పక్షుల పట్టిక 1987-88లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది.

చిన్న క్షీరదాలకు, అంటే పాలిచ్చి పిల్లలను పెంచే చిరుజీవులకు, ఇంతటి శ్రద్ధ దక్కలేదు. తూర్పు కనుమల్లో పగటిపూట తిరిగే చెట్టుచుంచును చాలామంది ఉడుతగా పొరబడతారు. వీపున చారలు లేకపోవడం, సన్నగా ముందుకు సాగిన మూతి, పేరులో చెట్టు ఉన్నా తరచు నేలమీద, రాళ్ల నడుమ పురుగులు వెతకడం దాని ఆనవాళ్లు. ఈ సంచిక చదివి కొండలెక్కే పాఠకులు తాము చూసిన ప్రాణితో పాటు తేదీని, వేళను, చోటును, ఎత్తును కూడా అక్కడికక్కడే రాసిపెట్టవలసిందిగా మనవి.