టిప్పణిని చదువువారెవరు?

తెలుగు కావ్యములకు టీకాతాత్పర్యములు, ఉర్దూ గ్రంథములకు హాషియా మన కళాశాల విద్యార్థులకు క్రొత్తవి కావు. మల్లినాథసూరి వ్యాఖ్యను ప్రక్కన ఉంచుకొనక కాళిదాసు కావ్యములను చదువువారు అరుదు. మూలమును చెరపక, దాని ప్రక్కనే నిలిచి చదువరికి దారి చూపుట టిప్పణి ధర్మము. కంప్యూటరు భాషలలోను ఇట్టి టిప్పణులు కలవని తెలిసినప్పుడు భాషాబోధకులమైన మాకు కుతూహలము కలిగినది. మా విద్యార్థుల జావా ప్రోగ్రాములలో, ఈ-మెయిలు చిరునామాలలో కనబడు ‘ఎట్’ గుర్తుతో మొదలగు మాటలను చూచి, ఇవి ఏలయని అడిగితిమి. “పుస్తకములో ఉన్నవి, వ్రాసితిమి” అని పెక్కుమంది బదులిచ్చిరి. ఆ సమాధానమే ఈ వ్యాసమునకు కారణము.

ప్రోగ్రాములలో కామెంటు అను వ్యాఖ్య చిరకాలముగా కలదు. అది మనుష్యుల కొరకు వ్రాయబడునది. కంపైలరు దానిని విడిచి ముందుకు సాగును. అందుచేత మూలము మారినను వ్యాఖ్య మారక నిలిచి అబద్ధమాడవచ్చును. అనోటేషన్ వేరు. అదియు మూలమును గూర్చిన సమాచారమే యైనను, యంత్రము చదువదగిన రూపమున నుండును. సీ షార్ప్ భాష 2002లోనే వీనిని చదరపు బ్రాకెట్లలో వ్రాయుటకు వీలు కల్పించెను. జావాలో ఇవి 2004లో, అయిదవ వెర్షన్‌తో ప్రవేశించినవి.

వీని మేలు చిన్నది కాదు. తల్లి క్లాసులోని మెథడ్‌ను పిల్ల క్లాసులో తిరిగి వ్రాయునప్పుడు పేరులో ఒక్క అక్షరము తప్పినచో, అది మరియొక క్రొత్త మెథడ్‌గా చెల్లిపోవును. తప్పు పైకి కనబడదు. దానిపై ‘ఓవర్‌రైడ్’ అను అనోటేషన్ ఉన్నచో కంపైలరు అచ్చటనే నిలిపి తప్పును చూపును. ప్రోగ్రాములను పరీక్షించుటకు వాడు జేయూనిట్ సంగతియు ఇట్టిదే. మూడవ వెర్షన్‌లో పరీక్షా మెథడ్ పేరు ‘టెస్ట్’ అని మొదలు కావలసియుండెను. ఆ మాటలో అక్షరములు తారుమారైనచో ఆ పరీక్ష జరుగకయే పోవచ్చును. 2006లో వచ్చిన నాల్గవ వెర్షన్ ఆ పనిని అనోటేషన్‌కు అప్పగించెను. దాని పేరులో అక్షరము తప్పినచో కంపైలరు ఊరకుండదు.

ఐతే ప్రతి టిప్పణికిని ఇట్టి కాపలా కలదని తలచుట పొరపాటు. పైథాన్ భాషలో 2008 నాటి 3.0 వెర్షన్ నుండి ఫంక్షన్లకు టిప్పణులు వ్రాయవచ్చును. అచ్చట పూర్ణాంకము రావలెనని వ్రాసియుండగా అక్షరములను పంపినను, ఆ టిప్పణిని చూచి పైథాన్ అడ్డు చెప్పదు. మైపై వంటి వేరొక సాధనముతో సరిచూడవలెను.

జావా వారు వాడు స్ప్రింగ్‌లో ‘ట్రాన్సాక్షనల్’ అను అనోటేషన్ కలదు. ఒక ఖాతానుండి సొమ్ము తీయుట, మరియొక ఖాతాలో వేయుట అను రెండు పనులును పూర్తి కావలెను, లేదా రెండును రద్దు కావలెనని దాని భావము. సాధారణమైన ఏర్పాటులో ఆ మాటను పాటించునది అసలు వస్తువునకు ముందు నిలుచు ప్రాక్సీ. లావాదేవీ ఆరంభింపని మరియొక మెథడ్ అదే వస్తువు లోపలినుండి నేరుగా పిలిచినచో, ఆ పిలుపు ప్రాక్సీ గుండా పోదు. టిప్పణి ఉన్నచోటనే ఉండును. దాని రక్షణ మాత్రము ఉండదు. సొమ్ము ఒకచోట పోయి వేరొకచోట చేరకున్నప్పుడు, “అనోటేషన్ వ్రాసితిమి గదా” అను మాట ఖాతాదారునకు ఊరట కాజాలదు.

ఇన్ని చిక్కులున్నప్పుడు టిప్పణులే వలదనువారు ఉండవచ్చును. మేము ఆ పక్షము వారము కాము. మేము కోరునది ఒక్కటే: వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని ఎవరు చదువుదురు? ఎప్పుడు చదువుదురు? చదివి ఏమి చేయుదురు? టిప్పణి మూలలేఖతోనే ఆగునో, కంపైలైన ఫైలు వరకు పోవునో, ప్రోగ్రాము నడచునప్పుడును నిలుచునో నిర్ణయించు వీలు జావాలోనే కలదు. ఓవర్‌రైడ్ మొదటి జాతిది. కంపైలరు సరిచూచిన పిదప దానితో పనిలేదు. ట్రాన్సాక్షనల్ మూడవ జాతిది. దాని మంచిచెడ్డలు ప్రోగ్రాము నడచునప్పుడు గాని తేలవు.

టీకను వల్లించి పద్యము నెరుగని విద్యార్థిని మేము తరగతిలో మందలింతుము. అర్థమెరుగక అనోటేషన్ వ్రాయు విద్యార్థికిని మా మందలింపు అదియే. వచ్చు సంవత్సరము మరల అడిగెదము. “పుస్తకములో ఉన్నవి” అను బదులు వినబడదని మా ఆశ.